చెవిలో దూది కుక్కుతున్నారా? ఇయర్‌ప్లగ్స్ సగమే పెడుతున్నారా? ఈ తప్పులు చేస్తే వినికిడికే ఎసరు!

పెద్ద కొడప్‌గల్ (కామారెడ్డి జిల్లా): కోతల సీజన్ వచ్చిందంటే ఇక్కడ తెల్లారింది మొదలు చప్పుడే చప్పుడు. పొలాల్లో హార్వెస్టర్లు, రోడ్ల మీద ట్రాక్టర్లు, బాన్సువాడ వైపు వెళ్తే రైస్ మిల్లులు. ఇటు సంగారెడ్డి-నాందేడ్ 161వ నంబర్ జాతీయ రహదారి. లారీల హారన్లకు రాత్రీ లేదు, పగలూ లేదు. పెళ్లిళ్లు మొదలైతే బరాత్, వినాయక నిమజ్జనం వస్తే డీజే. పక్కనున్న మనిషితో మాట్లాడాలన్నా చెవి దగ్గర నోరు పెట్టి అరవాల్సిందే.

ఈ మోత తట్టుకోలేక చాలామంది చేతికి దొరికిన దూదో, గుడ్డ పీలికో చెవిలో కుక్కేసుకుంటారు. కుర్రాళ్లేమో ఫోన్ ఇయర్‌బడ్స్ పెట్టుకుని, బయటి మోత వినపడకుండా పాటల సౌండ్ పెంచేస్తారు. ఇయర్‌ప్లగ్స్ కొనుక్కున్నవాళ్లు కూడా వాటిని సగం లోపలికి, సగం బయటికి పెట్టుకుని ‘పెట్టుకున్నాం కదా’ అని ధీమాగా ఉంటారు. ఈ మూడూ తప్పే. మొదటిది పెద్దగా పనిచేయదు. రెండోది ఉన్న ప్రమాదాన్ని పెంచుతుంది. మూడోది రక్షణ ఉందన్న భ్రమ కల్పిస్తుంది.

మరి ఇయర్‌ప్లగ్ ఎలా పెట్టుకోవాలి? ఎప్పుడు అస్సలు పెట్టుకోకూడదు? చెవిని ఎలా కాపాడుకోవాలి? ఒక్కొక్కటిగా చూద్దాం.

పోతే తిరిగి రాదు.. ఎందుకంటే?

మనం చూసే చెవి పైపైన ఉన్న డొప్ప మాత్రమే. దాని నుంచి సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవున్న సన్నని దారి లోపలికి వెళ్తుంది. చివర పలుచని పొర.. అదే కర్ణభేరి. శబ్దం తగిలి ఆ పొర కదులుతుంది. దాని వెనకున్న మూడు చిన్న ఎముకలు ఆ కదలికను నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియాకు చేరుస్తాయి. అక్కడ ఒక్కో చెవిలో సుమారు 15 వేల సూక్ష్మమైన కణాలుంటాయి. వీటినే హెయిర్ సెల్స్ అంటారు. కదలికను నరానికి అందే సంకేతంగా మార్చేది ఇవే.

పెద్ద చప్పుడు పడ్డప్పుడల్లా ఈ కణాలు అలసిపోతాయి. డీజే నుంచి ఇంటికొచ్చాక చెవుల్లో ‘గుయ్‌య్’ మని మోగడం, మాటలు దూరం నుంచి వస్తున్నట్టు అనిపించడం అందుకే. తెల్లారేసరికి తగ్గిపోతుంది కాబట్టి మనం పట్టించుకోం. కానీ మళ్లీ మళ్లీ ఇదే జరిగితే కణాలు చచ్చిపోతాయి. చర్మం తెగితే అతుక్కుంటుంది, ఎముక విరిగితే కట్టు కడితే కుదురుకుంటుంది. మనిషిలో ఈ కణాలు మాత్రం ఒకసారి పోతే మళ్లీ పుట్టవు. మందుల్లేవు, ఆపరేషన్‌తో వాటిని తిరిగి తెచ్చే దారీ లేదు. హియరింగ్ ఎయిడ్ సాయం చేస్తుంది తప్ప పాత వినికిడిని తిరిగి ఇవ్వదు.

అసలు ఇబ్బంది ఏంటంటే.. నొప్పి ఉండదు. మొదట సన్నని, కీచు శబ్దాలు పోతాయి. పిట్ట కూత, ఫోన్ బీప్, చిన్నపిల్లల గొంతు. మాటల్లో స, శ, చ, త లాంటి అక్షరాలు సరిగ్గా అందవు. అందుకే ఈ దశలో ఉన్నవాళ్లు ‘వినపడుతోంది గానీ ఏమంటున్నారో అర్థం కావట్లేదు’ అంటారు. ఇంట్లోవాళ్లేమో ‘పరధ్యానం ఎక్కువైంది’ అని సరిపెట్టుకుంటారు. అసలు విషయం తెలిసేసరికి ఏళ్లు గడిచిపోతాయి.

ఎంత మోత.. ఎంతసేపు?

శబ్దాన్ని డెసిబెల్స్‌లో కొలుస్తారు. గుసగుస 30, మామూలు మాటలు 60 చుట్టూ ఉంటాయి. క్యాబిన్ లేని ట్రాక్టర్ మీద కూర్చుంటే 90 దాటొచ్చు. డీజే బాక్సుల ముందు 100 దాటడం మామూలే.

ఇక్కడ చాలామందికి తెలియని లెక్క ఒకటుంది. డెసిబెల్స్ మామూలు అంకెల్లా పెరగవు. 3 డెసిబెల్స్ పెరిగితే శబ్దశక్తి రెట్టింపవుతుంది. అంటే చెవి తట్టుకునే టైమ్ సగానికి పడిపోతుంది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పే పరిమితులు ఇవీ..

85 డెసిబెల్స్ అయితే రోజుకు 8 గంటలు
88 అయితే 4 గంటలు
91 అయితే 2 గంటలు
94 అయితే గంట
97 అయితే అరగంట
100 అయితే 15 నిమిషాలు మాత్రమే

అంటే డీజే ముందు పావుగంట డ్యాన్స్ చేస్తే ఆ రోజు కోటా అయిపోయినట్టే. మనమేమో అర్ధరాత్రి దాకా ఊగుతాం.

మీటర్ లేకుండా ఎలా తెలుస్తుంది? చాలా ఈజీ. మీకు మూడడుగుల దూరంలో, అంటే చేయి చాపితే అందేంత దగ్గర్లో ఉన్న మనిషితో గొంతు పెంచి మాట్లాడాల్సి వస్తోందా? అయితే అక్కడ 85 దాటిందనే అనుకోండి. ఫోన్లో ఉచితంగా దొరికే సౌండ్ మీటర్ యాప్‌లు కచ్చితంగా చెప్పకపోయినా ఓ అంచనా ఇస్తాయి.

దూది ఎందుకు పనికిరాదు?

దూదిలో గాలి ఆడుతుంది. గాలి వెళ్లే చోట శబ్దమూ వెళ్తుంది. అందుకే దూదితో తగ్గేది కొద్ది డెసిబెల్సే. పైగా దాని పోగులు లోపలే మిగిలిపోయి, చెమటకు తడిసి ఇన్ఫెక్షన్‌కు దారి తీయొచ్చు. మట్టి, దుమ్ము అంటిన గుడ్డ పీలిక సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇక ఇయర్‌బడ్స్. పేరు దగ్గరగా ఉండటంతో చాలామంది ఇయర్‌ప్లగ్, ఇయర్‌బడ్ ఒకటే అనుకుంటారు. ప్లగ్ పని శబ్దాన్ని అడ్డుకోవడం. బడ్ పని శబ్దాన్ని చెవిలోకి పంపడం. ట్రాక్టర్ మోతను మించి పాట వినిపించాలంటే వాల్యూమ్ ఇంకా పెంచాలి. అప్పుడు చెవికి ట్రాక్టర్ దెబ్బ, పాట దెబ్బ రెండూ తగులుతాయి.

ఏ రకం ఎవరికి?

ఫోమ్ ప్లగ్స్: స్పాంజిలా మెత్తగా ఉంటాయి. నలిపి చిన్నగా చేసి పెడితే లోపల ఉబ్బి దారిని మూసేస్తాయి. చవక, రక్షణా ఎక్కువ. మిల్లు, హార్వెస్టర్, డీజే.. అన్నింటికీ ఇవి చాలు. కాకపోతే చేతులు శుభ్రంగా ఉండాలి, పెట్టుకునే పద్ధతి తెలియాలి.

సిలికాన్, రబ్బరు ప్లగ్స్: మెట్లు మెట్లుగా గొడుగుల్లా ఉంటాయి. నలపక్కర్లేదు, తోక పట్టుకుని తోస్తే చాలు. కడిగి మళ్లీ వాడుకోవచ్చు. పనిలో మాటిమాటికీ చేతులకు మట్టి అంటేవాళ్లకు ఇవి మేలు. తాడు ఉన్నవైతే మెడలో వేలాడతాయి, పోవు. కానీ తిరిగే బెల్టులు, షాఫ్టుల దగ్గర తాడు చిక్కుకునే ప్రమాదం ఉంది. అలాంటి చోట తాడు లేనివే వాడాలి.

మైనం లేదా సిలికాన్ ముద్దలు: ఇవి చెవి దారిలోకి తోసేవి కావు. ద్వారం మీద మూతలా అద్దాలి. ఈతకు, నిద్రకు పనికొస్తాయి. మిషన్ల మోతకు సరిపోవు.

ఇయర్‌మఫ్స్: హెడ్‌ఫోన్స్‌లా తల మీద నుంచి పెట్టుకునేవి. చెవిలోకి ఏమీ వెళ్లదు కాబట్టి దారి సన్నగా ఉన్నవాళ్లకు, పిల్లలకు ఇవే నయం. కళ్లద్దాల కాడ, రుమాలు, తలపాగా అడ్డొస్తే సందుల్లోంచి మోత లోపలికి వచ్చేస్తుంది.

మోత మరీ ఎక్కువైతే ప్లగ్ పెట్టి దానిపై మఫ్ కూడా పెట్టుకోవచ్చు. కానీ రెండింటి నంబర్లు కలిపేసుకోకండి. రెండోది అదనంగా ఇచ్చేది సుమారు 5 డెసిబెల్సే.

నలపాలి.. లాగాలి.. పట్టి ఉంచాలి

ఫోమ్ ప్లగ్ పెట్టుకోవడంలో పదిమందిలో ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పద్ధతి ఇదీ..

1. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. యూరియా చల్లిన చేతులు, పురుగుమందు కలిపిన చేతులు, మిరపకాయలు తెంపిన చేతులతో ప్లగ్ ముట్టుకుంటే అదంతా నేరుగా చెవిలోకి పోతుంది.

2. ప్లగ్‌ను వేళ్ల మధ్య పెట్టి మెల్లగా నలుపుతూ వత్తిలా సన్నగా చేయండి. మడతలు పడకూడదు. మడత ఉంటే ఆ సందులోంచే మోత దూరుతుంది.

3. కుడి చెవికి పెడుతుంటే ఎడమ చేతిని తల మీదుగా తెచ్చి, కుడి చెవి పైభాగాన్ని పట్టుకుని మెల్లగా పైకి, వెనక్కి లాగండి. చెవి దారి వంకరగా ఉంటుంది. ఇలా లాగితే తిన్నగా అవుతుంది. ఈ ఒక్క స్టెప్ వదిలేస్తే ప్లగ్ సగంలోనే ఆగిపోతుంది.

4. సన్నగా చేసిన ప్లగ్‌ను వెంటనే లోపలికి జరపండి. వేలి కొనతో కదలకుండా 20 నుంచి 30 సెకన్లు పట్టి ఉంచండి. అది లోపల ఉబ్బి కూర్చుంటుంది. తొందరపడి వదిలేస్తే బయటికి తన్నుకొచ్చేస్తుంది.

5. మోత మొదలవకముందే పెట్టుకోండి. మోత నుంచి బయటికి వచ్చాకే తీయండి.

తీసేటప్పుడు ఒక్క గుంజు గుంజొద్దు. గట్టిగా బిగిసిన ప్లగ్‌ను లాగితే లోపల గాలి ఒత్తిడి మారి కర్ణభేరికి నొప్పి కలుగుతుంది. మెల్లగా తిప్పుతూ, గాలి పోనిస్తూ తీయాలి.

సరిగ్గా కూర్చుందా? ఇలా చెక్ చేసుకోండి

అద్దంలో ఎదురుగా చూసుకోండి. ఫోమ్ ప్లగ్ చాలా భాగం బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే పెట్టడం సరిగ్గా కుదరలేదు. మోతలో నిలబడి రెండు అరచేతులతో చెవులు గట్టిగా మూయండి, తీయండి. మూసినప్పుడు మోత బాగా తగ్గిందంటే ప్లగ్ తన పని చేయట్లేదు. పెద్దగా తేడా తెలియకపోతే సరిగ్గా ఉన్నట్టు. ఇంకో గుర్తు.. మీ గొంతు మీకే కుండలో మాట్లాడినట్టు బరువుగా వినిపించాలి.

‘ఒక్క నిమిషం తీశా’.. ఆ ఒక్క నిమిషమే కొంప ముంచుతుంది

30 డెసిబెల్స్ తగ్గించే మంచి ప్లగ్ ఉందనుకుందాం. ఎనిమిది గంటల పనిలో సగం టైమ్ పెట్టుకుని, సగం టైమ్ తీసేశారు. రక్షణ కూడా సగం, అంటే 15 వస్తుందనుకుంటాం. రాదు. మీకు దక్కేది కేవలం 3 డెసిబెల్స్. ఎందుకంటే ప్లగ్ లేని నాలుగు గంటల్లోనే చెవిలోకి మోత అంతా వెళ్లిపోయింది. ఎనిమిది గంటల్లో మొత్తం కలిపి 48 నిమిషాలు తీసినా సరే, 30 కాస్తా 10కి పడిపోతుంది.

ఫోన్ వచ్చిందని ఒకసారి, ఎవరో పిలిచారని ఒకసారి, బీడీ కాల్చుకుందామని ఒకసారి.. మిషన్ పక్కనే నిలబడి తీస్తే లెక్క ఇంతే. తీయాలంటే మోతకు దూరంగా వెళ్లి తీయండి. లేదా మిషన్ ఆపి తీయండి.

ప్యాకెట్ మీద నంబర్‌ను పూర్తిగా నమ్మొద్దు

ఇయర్‌ప్లగ్స్ ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ 29, ఎన్‌ఆర్‌ఆర్ 33 అని రాసి ఉంటుంది. ఇది ల్యాబ్‌లో, నిపుణులు పెట్టించినప్పుడు వచ్చే రక్షణ. పొలంలో, మిల్లులో అంత రాదు. అందుకే అమెరికాలో పని ప్రదేశాలకు ఓ జాగ్రత్త లెక్క వాడతారు. ఆ నంబర్‌లోంచి 7 తీసేసి, మిగిలినదాన్ని సగం చేస్తారు. 33 అయితే 26 మిగులుతుంది, అందులో సగం 13. అంటే 100 డెసిబెల్స్ మోత మీ చెవికి 87గా చేరుతుంది. పావుగంట పరిమితి కాస్తా ఐదు గంటల దాకా పెరుగుతుంది. ఓ చిన్న ఫోమ్ ముక్క చేసే మేలు ఇదీ.

అలాగని ఎక్కువ నంబర్ ఉన్నదే మంచిదనీ కాదు. మోత మామూలుగా ఉన్న చోట గట్టి ప్లగ్ పెడితే వెనక నుంచి రివర్స్ వచ్చే ట్రాక్టర్ హారన్, ‘జరుగు’ అన్న కేక కూడా వినపడవు. చెవికి చేరే శబ్దం 75-80 మధ్య ఉండేలా చూసుకుంటే చాలు.

వీళ్లు పెట్టుకోవద్దు.. ఇక్కడ పెట్టుకోవద్దు

చెవిలో చీము కారుతున్నా, నొప్పి, దురద, వాపు ఉన్నా ప్లగ్ పెట్టకండి. తడి లోపలే ఉండిపోయి ఇన్ఫెక్షన్ ముదురుతుంది. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు, ఇటీవల చెవి ఆపరేషన్ అయినవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ఏదీ పెట్టుకోవద్దు. వీళ్లకు మోత నుంచి రక్షణ కావాలంటే మఫ్స్ వాడొచ్చేమో డాక్టరే చెబుతారు.

బైక్, కారు నడిపేటప్పుడు వద్దు. హైవే దాటేటప్పుడు వద్దు. రైలు పట్టాల దగ్గర అసలే వద్దు. ఇక్కడ చెవి మూసుకుంటే పోయేది వినికిడి కాదు, ప్రాణం. ఈ మాట ప్లగ్స్‌కే కాదు, ఇయర్‌ఫోన్స్‌కూ వర్తిస్తుంది.

కడగాలా? పారేయాలా?

ఫోమ్ ప్లగ్స్‌ను మురికి పట్టినా, గట్టిపడినా, నలిపితే మళ్లీ ఉబ్బకపోయినా పారేయాలి. కడిగితే స్పాంజి గుణం పోతుంది. సిలికాన్ ప్లగ్స్‌ను గోరువెచ్చని నీళ్లు, మామూలు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టి డబ్బాలో దాచుకోవాలి. స్పిరిట్, పెట్రోల్ లాంటివి వాడొద్దు. చొక్కా జేబులో పొగాకు, చిల్లరతో కలిపి వేయొద్దు. ఒకరివి ఇంకొకరు పెట్టుకోవద్దు.. అన్నదమ్ములైనా సరే.

రాత్రి పడుకునేటప్పుడు పెట్టుకోవచ్చా?

హైవే పక్క ఇళ్లలో లారీల మోతకు నిద్ర పట్టనివాళ్లు పెట్టుకోవచ్చు. పక్కకు తిరిగి పడుకున్నా గుచ్చుకోని మెత్తనివి ఎంచుకోండి. మరీ లోపలికి తోయొద్దు. రోజూ వాడితే గులిమి లోపలికి నెట్టుకుపోయి గడ్డకట్టొచ్చు. చెవి మూసుకుపోయినట్టు అనిపిస్తే కొన్ని రోజులు ఆపి డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో చంటిపిల్ల గానీ, లేవలేని పెద్దవాళ్లు గానీ ఉంటే అందరూ ఒకేసారి చెవులు మూసుకుని పడుకోవద్దు. పిలిస్తే పలికేవాళ్లు ఒకరుండాలి.

గులిమి మురికి కాదు.. కాపలా

చెవి గులిమిని చాలామంది అసహ్యంగా చూస్తారు. నిజానికి అది చెవి చర్మాన్ని కాపాడుతుంది. దుమ్మును, పురుగులను పట్టి ఆపుతుంది. మనం నమిలినప్పుడు, మాట్లాడినప్పుడు దవడ కదలికతో మెల్లగా తనంతట తానే బయటికి వస్తుంది. బయటికి వచ్చిన దాన్ని తడి గుడ్డతో తుడిస్తే చాలు.

పిన్నీసు, అగ్గిపుల్ల, తాళంచెవి, కాటన్ బడ్.. ఏది పెట్టినా బయటికొచ్చే గులిమిని మళ్లీ లోపలికి తోసినట్టే. చేయి జారితే కర్ణభేరికి రంధ్రమే. బస్టాండ్లు, జాతరల్లో చెవులు శుభ్రం చేస్తామంటూ తిరిగేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. ఒకరి చెవిలో పెట్టిన సూదే ఇంకొకరి చెవిలో పెడతారు.

నూనె విషయానికొద్దాం. చెవిపోటు వస్తే నూనె కాచి పోయడం, వెల్లుల్లి నూనె వేయడం, ఆకు పసరు పిండటం మన ఇళ్లల్లో ఎప్పటి నుంచో ఉంది. పెద్దవాళ్లు ప్రేమతోనే చేస్తారు. కానీ కర్ణభేరికి రంధ్రం ఉందో లేదో బయటి నుంచి మనకు తెలియదు. ఉంటే ఆ నూనె, పసరు మధ్య చెవిలోకి వెళ్లి చీము పట్టిస్తుంది. వేడి నూనె అయితే లోపలి చర్మం కాలుతుంది. గులిమి గడ్డకట్టి ఇబ్బంది పెడితే ముందు డాక్టర్‌కు చూపించండి, ఆయన రాసిన చుక్కలే వాడండి.

ఇంకో మాట. పిల్లల్ని చెంప మీద, చెవి మీద కొట్టొద్దు. అరచేతి దెబ్బకు చెవిలోకి గాలి ఒక్కసారిగా దూసుకెళ్లి కర్ణభేరి పగలొచ్చు. ఇల్లైనా, బడైనా ఇది గుర్తుంచుకోవాల్సిందే.

చెవిలో ఏదైనా పడితే?

ప్లగ్ ముక్క లోపల ఇరుక్కుంటే పిన్నీసుతో గెలకొద్దు. ఇంకా లోపలికి పోతుంది. ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర నిమిషాల్లో తీసేస్తారు.

పిల్లలు శనగ గింజో, కందిపప్పో చెవిలో పెట్టుకుంటే నీళ్లు పోయకండి. గింజ నాని ఉబ్బి ఇంకా బిగుస్తుంది. బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ పెట్టుకుంటే ఒక్క క్షణం ఆలస్యం చేయొద్దు. గంటల్లోనే లోపలి చర్మాన్ని కాల్చేస్తుంది. నేరుగా ఆస్పత్రికే.

బతికున్న పురుగు దూరి గిలగిలలాడుతుంటే, గతంలో చీము గానీ రంధ్రం గానీ లేని చెవి అయితే కొద్ది చుక్కలు చల్లని కొబ్బరినూనె వేస్తే పురుగు చచ్చిపోతుంది. దాన్ని తీయించడానికి మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

వానాకాలం.. చెరువు ఈతలు

వానాకాలంలో చెవి దురద, బూజు పట్టే ఫంగస్ ఇన్ఫెక్షన్లు ఎక్కువ. తడి చెవిలో పుల్ల పెట్టి గీకితే ఇంకా ముదురుతాయి. కాలువలు, చెరువుల్లో ఈత కొట్టాక తల పక్కకు వంచి నీళ్లు కారనివ్వండి. పొడి గుడ్డతో బయటి భాగం తుడవండి. ఫోమ్ ప్లగ్స్ నీళ్లను ఆపలేవు, ఈతకు సిలికానే వాడాలి. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్లు ఈతకు దూరంగా ఉండాలి. తలస్నానం చేసేటప్పుడు వ్యాజ్‌లైన్ రాసిన దూదిని చెవి ద్వారం దగ్గర పెట్టుకుని, అవ్వగానే తీసేయాలి. దూది పనికొచ్చేది ఇక్కడే.

పిల్లల్ని డీజే ముందుకు తీసుకెళ్తున్నారా?

బరాత్‌లో చంటిబిడ్డను భుజాన వేసుకుని డీజే బాక్సుల పక్కన నిలబడే తల్లిదండ్రులను చూస్తూనే ఉంటాం. బిడ్డ ఏడిస్తే నిద్రొచ్చిందనుకుంటాం. చెవి నొప్పి అని ఆ బిడ్డ చెప్పలేదు కదా. చిన్నపిల్లలకు చెవిలో పెట్టే ప్లగ్స్ వద్దు. తీసి నోట్లో పెట్టుకుంటే గొంతులో ఇరుక్కుంటాయి. పిల్లల సైజు మఫ్స్ దొరుకుతాయి, అవి పెట్టండి. అవి లేకపోతే బాక్సులకు దూరంగా వెళ్లిపోండి. దూరానికి మించిన మందు లేదు.

పిల్లల్లో వచ్చే వినికిడి లోపాల్లో దాదాపు 60 శాతం నివారించగలిగినవేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పుట్టిన బిడ్డ పెద్ద చప్పుడుకు ఉలిక్కిపడకపోయినా, ఏడాది దాటినా అత్త, తాత లాంటి మాటలు రాకపోయినా వినికిడి టెస్ట్ చేయించండి. ‘మెల్లగా వస్తాయిలే’ అని ఆగొద్దు.

మీరు ఇప్పుడు ఇయర్‌ఫోన్స్‌లోనే ఉన్నారా?

మీలో చాలామంది ఈ వార్త ఫోన్లోనే చదువుతున్నారు. ఒక్కసారి వాల్యూమ్ ఎంతుందో చూసుకోండి. ప్రపంచవ్యాప్తంగా 100 కోట్లకు పైగా యువత పెద్ద సౌండ్ వినే అలవాట్ల వల్ల వినికిడి పోగొట్టుకునే ముప్పులో ఉన్నారన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఆ సంస్థ సూచన ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు, పిల్లలు 75 దగ్గర 40 గంటలు మించకూడదు.

సింపుల్‌గా చెప్పాలంటే.. వాల్యూమ్ 60 శాతం లోపు ఉంచండి. గంటకోసారి చెవికి విరామం ఇవ్వండి. పక్కనున్నవాళ్లకు మీ పాట వినిపిస్తోందంటే అది ఎక్కువే. బస్సులో మోతగా ఉందని సౌండ్ పెంచకండి, ఆ వీడియో ఇంటికెళ్లాక చూడండి.

ఈ గుర్తులు కనిపిస్తే ఆగొద్దు

ఇంట్లో అందరికీ సరిపోయే టీవీ సౌండ్ మీకు చాలట్లేదా? ఫోన్ ఒక చెవికి పెడితేనే వినిపిస్తోందా? ప్రతి మాటకీ ‘ఆఁ? ఏందీ?’ అంటున్నారా? నిశ్శబ్దంగా ఉన్నప్పుడు కీచురాళ్ల మోత లాంటి హోరు వస్తోందా? అయితే వినికిడి టెస్ట్ చేయించుకోవాల్సిందే.

అన్నింటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. రాత్రి బాగానే ఉండి, పొద్దున లేచేసరికి ఒక చెవి పూర్తిగా వినపడకపోతే అది ఎమర్జెన్సీ. గులిమి అడ్డుపడిందిలే అని నూనె పోసుకుంటూ కూర్చోవద్దు. నరానికి సంబంధించిన సమస్య కావొచ్చు. రెండు మూడు రోజుల్లోపే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ట్రీట్‌మెంట్ మొదలైతే కోలుకునే అవకాశం ఎక్కువ. వారాలు గడిస్తే తలుపులు మూసుకుపోతాయి. ప్రముఖ గాయని అల్కా యాగ్నిక్ 2024 జూన్‌లో తనకు ఇలాంటి నరాల సంబంధ వినికిడి లోపం వచ్చిందని స్వయంగా ఇన్‌స్టాగ్రామ్‌లో చెప్పారు. విమానం దిగి బయటికి వస్తుండగా ఉన్నట్టుండి ఏమీ వినిపించలేదన్నారు. వైరల్ ఎటాక్ కారణమని డాక్టర్లు తేల్చారని చెబుతూనే, పెద్ద సౌండ్ మ్యూజిక్, హెడ్‌ఫోన్స్‌తో జాగ్రత్తగా ఉండాలని అభిమానులను హెచ్చరించారు.

పెద్ద కొడప్‌గల్ పరిసరాల వాళ్లు ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించుకుని, అవసరమైతే బాన్సువాడ, కామారెడ్డి, నిజామాబాద్ ప్రభుత్వ ఆస్పత్రులకు వెళ్లొచ్చు. పెద్ద సమస్యలకు హైదరాబాద్ కోఠిలో ప్రత్యేకంగా ప్రభుత్వ ఈఎన్‌టీ ఆస్పత్రి ఉంది.

చట్టం ఏమంటోంది?

కేంద్రం 2000లో తెచ్చిన శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మించకూడదు. ఆస్పత్రులు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్ల వరకు సైలెన్స్ జోన్. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగల వేళ ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు. హైదరాబాద్ పోలీసులైతే 2024 అక్టోబర్ 1న మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. మోత భరించలేనప్పుడు 112కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.

మిల్లులు, ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు మోత వల్ల వచ్చే వినికిడి లోపం చట్టం గుర్తించిన వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది. ఇయర్‌ప్లగ్స్ ఇవ్వమని యజమానిని అడగడం మొహమాటపడాల్సిన విషయం కాదు. చేతికి గ్లౌజులు, తలకు హెల్మెట్ ఎలాగో ఇదీ అంతే.

నిజానికి కోత మిషన్ మోతను ఆపడం ఎవరి వల్లా కాదు. పంట ఇంటికి రావాలంటే అది నడవాల్సిందే. కానీ దాని మీద కూర్చునే మనిషి పదేళ్ల తర్వాత తన మనవరాలి మాట వినాలంటే మాత్రం సీజన్‌కు ముందే ఓ జత ప్లగ్స్ కొనుక్కోవాలి. చేతులు కడుక్కుని, నలిపి, చెవి లాగి, అరనిమిషం పట్టి ఉంచాలి. అంతే పని.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. చెవి నొప్పి, చీము, వినికిడి తగ్గడం లాంటి సమస్యలుంటే సొంత వైద్యం చేసుకోకుండా ఈఎన్‌టీ డాక్టర్‌ను సంప్రదించండి.